ఇత్తడి సోల

"పన్ను నొప్పా, అమ్మమ్మా?" అని మనవరాలు అడిగేదాకా నాకు తెలియలేదు, నా కుడిచేతి రెండు వేళ్ళు నా పెదవి మూలను గట్టిగా నొక్కిపట్టి ఉన్నాయని.

దాని బడిలో డ్రమ్ములూ బ్యూగిళ్ళూ కలిపి ఒక బేండు పెట్టారు. రాబోయే పరేడులో ఒకచోట అందరూ ఆగిపోతే ఇది ఒక్కతే బ్యూగిల్ ఊదాలట. అందుకని ఆదివారం నేను చర్చి నుంచి రాగానే పక్కన చేరి, ఫోనులో అవీ ఇవీ చూపిస్తోంది. ఏదో దేశపు పెద్ద మైదానం. ఒకే రంగు బట్టల్లో వందలమంది బాకాలు పట్టుకుని, డ్రమ్ముల దెబ్బకు అడుగులేస్తూ, నేలమీద ముగ్గు పెడుతున్నట్టు తిరుగుతున్నారు. ఉన్నట్టుండి అంతా నిలిచిపోయారు. ఒక మనిషి ముందుకొచ్చాడు. బూర ఎత్తి ఒక్క స్వరం పట్టాడు. అంత మైదానమూ ఆ స్వరం మీద ఆగింది.

"దీన్నే సోలో అంటారు. ఇది ఎంత ఫేమస్సో తెలుసా?" అంటోంది పిల్ల. నాకు మాత్రం ఉప్పు మడుల వాసన వచ్చింది.

పన్ను నొప్పి కాదు తల్లీ అన్నాను. మరేమిటో చెప్పడం ఒక్క మాటతో అయ్యేది కాదు. చెప్పలేనివి రాయడానికైనా నాకు నాలుగు అక్షరాలు పెట్టిన మా నానమ్మకు వందనాలు.

మాది నౌపడ దగ్గర ఉప్పు పండించే పల్లె. ఒక పక్క రైలు కట్ట, ఒక పక్క ఉప్పుటేరు, మధ్యలో అద్దాలు పరిచినట్టు మడులు. మాఘమాసంలో మడులు తొక్కి, గట్లు కట్టి, ఏటి నీళ్ళు పెట్టేవారు. ఎండ ముదిరేకొద్దీ మడి అంచుల్లో తెల్లగా మీగడ కట్టేది. దాన్ని చెక్క పలకలతో లాగి కుప్పలు పోసేవారు. మా గాలే ఉప్పన. ఆరేసిన చీర దులిపితే ఉప్పు రాలేది. వేసవి నాలుగు నెలలూ ఊళ్ళో అందరి పెదవులూ పగిలి నెత్తురు చిమ్మేవి, ఒక్క మా నాన్నవి తప్ప.

పిల్లలకు లేని వెన్న మా ఇంట్లో నాన్న పెదవులకు ఉండేది. ఆయన మడిలోకి దిగేముందు అమ్మ చిటికెన వేలితో తీసి, బొట్టు పెట్టినంత శ్రద్ధగా రాసేది. మా పల్లె బేండులో బూర ఆయనది. వాళ్ళు పదిమందీ ఎంత వాయించినా, ఆయన పెదవులు బాగుంటేనే బేండు.

ఆ బేండు మిషను దొరల నాటిది. వాళ్ళు వెళ్ళిపోతూ వాయిద్యాలు వదిలేసి వెళ్ళారు. నేర్పింది చర్చి పాటలే అయినా, మా తాతల కాలానికే అది అందరి బేండూ అయిపోయింది. కోటబొమ్మాళి పెళ్ళిళ్ళకీ, అమ్మవారి సంబరాలకీ, ముసలివాళ్ళ శవయాత్రలకీ, పిలిచిన వాళ్ళందరికీ వెళ్ళేవారు. పైన ఎర్ర కోటు, నెత్తిన నల్ల టోపీ, కింద మాత్రం పంచె. పెద్ద డ్రమ్ము మా మావది. మావంటే మా అమ్మకు అన్న. బేండుకు పెద్ద ఆయనే.

ఊరేగింపు మధ్యలో మావ చెయ్యెత్తితే డ్రమ్ములన్నీ ఆగేవి. అప్పుడు నాన్న ఒక్కడే ఊదేవాడు. దొరల నోట్లో దాని పేరు సోలో అట. మా వాళ్ళ నోట్లో అది 'సోల' అయింది. సోలంటే మాకు తెలిసిన సోల ఒకటే, బియ్యం కొలిచేది. అందుకని సోల ఊదినవాడికి సోలెడు బియ్యం పొయ్యడం న్యాయమని ఎవరో అన్నారు, అంతా ఒప్పుకున్నారు. మాట తప్పుగా విన్న పాపానికి మా ఇంట్లో అన్నం ఉడికేది! పెళ్ళివారి ఆడవాళ్ళు ఇత్తడి సోల నింపి వాకిట్లోకి తెస్తే నాన్న టోపీ తీసి వెల్లకిలా పట్టేవాడు.

"తల తుడిసి పొయ్యకు వొదినా, గోపురం కట్టు. మా బావ ఊపిరి గోపురమంత ఎల్లినాది సూడనేదేటి?" అని మావ డ్రమ్ము మీద వేళ్ళతో దరువు వేసేవాడు.

మిగతా రోజుల్లో మాకు చోడి అంబలి, అంటే రాగి జావ, నిప్పుల మీద కాల్చిన ఎండు మెత్తళ్ళ చేపలు. ఇంట్లో అన్నం వాసన వచ్చిందంటే నాన్న ఎక్కడో సోల ఊదాడన్నమాట. అందుకే చిన్నప్పుడు బూర పాట వింటే నాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. ఆకలేసేది.

నాకు పుట్టుకతో ఆయాసం. బడి రైలు కట్టకు అవతల. గట్టు ఎక్కేసరికి రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. ఒకరోజు దారిలో పడిపోతే ఎవరో భుజాన వేసుకొచ్చి దింపారు. ఆ రోజుతో మా నానమ్మ తేల్చేసింది: "బడీ వొద్దు, పంతులూ వొద్దు. ఈ గుంటకి నాను సెప్తాను సదువు."

నానమ్మకు వచ్చిన చదువు పెద్దక్షరాల బైబిలూ, పాటల పుస్తకమూ. పలక కొనే పని లేకుండా చేటలో ఉప్పు పోసి, నా వేలు పట్టి దాని మీద దిద్దించింది. తప్పు రాస్తే చేట కుదిపేది, అక్షరం మాయమయ్యేది. వేలికి గాయముంటే ఓనమాలు మండేవి. ఇప్పటికీ 'క్ష' రాస్తే నాకు వేలు చురుక్కుమంటుంది.

"సదువంటే ఏటనుకున్నావే? దేవుడి మాట సదవాల, మందు సీసా మీద రాత సదవాల. ఈ రెండూ వస్తే మనిషి బతికీగల్దు" అనేది. బతికాను. అబద్ధం చెప్పలేదు ఆవిడ.

ఆయాసం వచ్చినప్పుడు మాత్రం నాన్నే పంతులు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన కడుపు మీద నా అరచెయ్యి పెట్టుకునేవాడు. "రొమ్ముతోటి కాదమ్మా, ఇక్కడినించి. బూరలోకి గాలి ఒగ్గినట్టు నెమ్మదిగా ఒగ్గు. ఆఁ... ఊపిరి తియ్యమ్మా." ఆ కడుపు అలలా లేచి పడేది. కాసేపటికి నాదీ దానితోపాటు లేచి పడేది. ఆయన చొక్కాకు చింతపండుతో తోమిన ఇత్తడి వాసన. ఈనాటికీ రాత్రి ఊపిరాడకపోతే ముందు ఆ వాసన గుర్తు చేసుకుని, తర్వాత మందు వెతుక్కుంటాను.

అంత ఆయాసంలోనూ నా అల్లరి నాకుండేది. సంబరాల్లో పచ్చిమామిడి ముక్కకు ఉప్పూ కారం అద్దుకుని, బూరలవాళ్ళ ఎదురుగా నిలబడి టకటకా చప్పరించేదాన్ని. వాళ్ళకు నోట్లో నీళ్ళూరి బూరలు బుడబుడలాడేవి. "ఒసే కోతీ, పోయే అవతలికి! దీని నోట్లో మన్నడ!" అని రెండో బూర ఆయన కాలు విసిరేవాడు. నాన్న బూర మాత్రం చెక్కు చెదిరేది కాదు. "నీకెలాగ నీళ్ళూరవు బావ?" అని మావ అడిగితే, "నాను కళ్ళు మూసుకుంటాను గదేటి. మావిడికాయ కళ్ళల్లోంచి నోట్లోకి వస్తాది గానీ సెవుల్లోంచి రాదు" అనేవాడు.

నిజమే, నాన్న ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఊదేవాడు.

ఆ ఏడు ఫాల్గుణంలో, మడులు తెల్లబడి కుప్పలు లేచే వేళకు వాన పట్టుకుంది. రాకూడని వాన. ఉప్పు పండించేవాడికి వేసవి వానంటే రైతుకు చేలో నిప్పు పడినట్టే. తాటాకులు కప్పారు, మట్టి కప్పారు, ఆడవాళ్ళు కట్టుకున్న చీరలు విప్పి కప్పారు. కుప్పలు కళ్ళముందే కుంగి, కరిగి, వచ్చిన ఏటికే పోయాయి. నాన్న ఆ వానంతా కుప్పల దగ్గర కావలి పాకలో తడిసి పడుకున్నాడు. నాలుగో పూట ఇంటికొచ్చి అంబలి ముంత ఎత్తాడు. అంబలి ఎడమ పక్కనుంచి మెడ మీదికి కారిపోయింది. ఆయనకు తెలియలేదు. తుడుచుకోనూ లేదు.

"ఓలమ్మో, మూతి సూడండి!" అని అమ్మ కేక వేసింది.

ముఖం ఎడమ సగం జారిపోయింది. నవ్వమంటే కుడి పక్కే కదిలింది. ఎడమ కన్ను మూతపడదు, నీళ్ళు కారుతూనే ఉంటుంది. పొరుగామె చెడ్డగాలి అంది. ఇంకొకరు పావురాయి నెత్తురు రాయమన్నారు. టెక్కలి తీసుకెళితే డాక్టరు చూసి, పక్షవాతం కాదు, ముఖంలో నరం వాచింది, కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు అన్నాడు. ఆయన నిజమే చెప్పాడు. ఆ నిజంతో ఏం చెయ్యాలో మాకు తెలియలేదు. మిగిలిన ఉప్పునే వేయించి, మూట కట్టి, అమ్మ పూటపూటా కాపడం పెట్టేది. పెడుతూ పెడుతూ వెక్కిళ్ళు పెట్టేది. నానమ్మ మాత్రం ప్రార్థనలో మోకాళ్ళ మీద నుంచి లేచేది కాదు.

పెదవులు కలవకపోతే కొన్ని మాటలు పుట్టవు. నాన్న నన్ను ఎప్పుడూ 'అమ్మా' అనే పిలిచేవాడు. ఇప్పుడు ఆ మాట ఆయన నోట 'అవ్వా' అని వచ్చేది. వీధి పిల్లలు విన్నారు. నన్ను "ఓ అవ్వా, అంబలి పెట్టవే" అని ఏడిపించడం మొదలెట్టారు. అది నాన్న చెవిన పడింది. ఆ తర్వాత ఆయన మాట్లాడ్డం మానేశాడు.

మావ వచ్చి గడపలోనే నిలబడ్డాడు. ఎప్పుడూ తిన్నగా వంటింట్లోకి వచ్చి కుండ మూత తీసి చూసే మనిషి, ఆ రోజు లోపలికి రాలేదు.

"బావ, పెళ్ళిళ్ళు మొదలైపోనాయి. ఉప్పు పోనాది, ఇంక పదిళ్ళకీ బేండే దిక్కు. మీటల బూర అట్టుకెల్తన్నాను. రెండోవోడు ఊదుతాడు. నన్ను తిట్టుకో, గానీ మరేటి సెయ్యను?"

నాన్న లేచి, మూడు మీటల బూర గుడ్డతో తుడిచి, తనే తెచ్చి చేతిలో పెట్టాడు. మావ గోడకున్న పాత బ్యూగిల్ వైపు చూశాడు. అది దొరల కాలపు బ్యూగిల్, నాన్న చిన్నప్పుడు మొదట నేర్చుకున్నది. దానికి మీటలుండవు.

"ఆ బ్యూగిల్ ఈస్టరు దాకా నీ దగ్గిరే ఉంచు. ఈస్టరు సోల నీది. ఊదగలిగితే బేండులో నీ సోటు నీదే. ఊదలేకపోతే..." మావ బూర చంకలోకి మార్చుకున్నాడు. "అదీ ఆడికిచ్చీసి, నీకు కంచు తాళాలు ఇత్తాను బావ. తాళాలకి మూతితోటి పనినేదు."

ఈస్టరు సోలంటే మా ఊళ్ళో మామూలు సోల కాదు. ఈస్టరు ఆదివారం తెల్లవారకముందే ఊరంతా సమాధుల తోటలో చేరేది. ఎవరి వాళ్ళ సమాధి దగ్గర వాళ్ళు, కొవ్వొత్తులు వెలిగించుకుని. అక్కడ బూర మోగి, ఆ పిలుపు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. చంటిపిల్లలకు కూడా చన్ను ఇచ్చి ఊరుకోబెట్టేవారు. "సమాధి కాళీ, అందుల ఆయన నేడన్న కబురు ముందు మనిషి నోట్లోంచి రాకూడదే, మనిషి నోరు అబద్ధాలాడింది గదా. ఇత్తడిలోంచి రావాల" అని నానమ్మ చెప్పేది. ఆ పిలుపు బ్యూగిల్ కోసమే పుట్టిన పాట. దానికి మీటలు అక్కర్లేదు. పెదవులు ఉంటే చాలు.

ఆ పెదవులే లేవు.

మావ వెళ్ళాక నానమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, నా గడ్డం పట్టుకుని చెప్పింది. "మీ నాన్నని ఒంటరిగా ఒగ్గకు. ఎటెల్తే అటెల్లు. ఎందుకొచ్చేవని అడిగితే ఆకలేస్తందని సెప్పు. ఇంకేటీ సెప్పకు." ఎందుకని నేను అడగలేదు. సరే అనేదాకా ఆవిడ నా గడ్డం వదల్లేదు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం వెళ్ళిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, నాన్న బ్యూగిల్ తీసుకుని బయల్దేరాడు. గట్ల వెంట నేనూ. కరిగిపోయిన మడులు బురదకంపు కొడుతున్నాయి. దూరంగా గట్టు మీద ఆగి బ్యూగిల్ నోటికి పెట్టాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టాడు. బురదలో కాలు తీసినప్పుడు వచ్చే చప్పుడు ఒకటి వచ్చింది. ఇంకోసారి. అలా ఎంతసేపు చేశాడో! చివరికి బ్యూగిల్‌ను గట్టు మీద, నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా పెట్టి, ఉప్పుటేట్లోకి దిగాడు.

స్నానం అనుకున్నాను. మోకాళ్ళు దాటాయి, నడుం దాటింది. ఆయన ఆగడం లేదు, అటూ ఇటూ చూడ్డం లేదు. పోటు మీదున్న ఏరు.

పరిగెత్తాను. 'నాన్నా' అని అరుద్దామంటే ఊపిరి ఆడలేదు. గట్టు మీద పడిపోయాను. రొమ్ములో పిల్లికూతలు, ఈల వేసినట్టు. దేవుడా, నా నోటికి మాట ఇయ్యి అని అడిగాను. దేవుడు మాట ఇవ్వలేదు. ఈల మాత్రం ఆపలేదు.

నీళ్ళల్లో నాన్న ఆగాడు. ఆ చప్పుడు ఆయనకు నిద్రలో కూడా తెలుసు. తల తిప్పాడు. ఏరు చీల్చుకుంటూ వచ్చి, తడి ఒళ్ళోకి లాక్కుని, నా చెయ్యి తన కడుపు మీద పెట్టుకున్నాడు. నా ఊపిరి కుదుటపడేదాకా అలాగే పట్టుకున్నాడు.

"ఎందుకొచ్చేవవ్వా?" అన్నాడు చివరికి.

"ఆకలేస్తంది" అన్నాను, నానమ్మ చెప్పినట్టే.

ఎడమ కన్ను ఎలాగూ ఎప్పుడూ కారేదే. ఆ రోజు కుడి కన్ను కూడా కారింది.

ఇంటికొచ్చాక అమ్మ గంజి ఇచ్చింది. ఇద్దరికీ ఒకే ముంత. నాన్న తాగితే ఎప్పట్లాగే ఎడమ మూల నుంచి కారబోయింది. అన్నం ఒలకడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేరు. కారకముందే నేను రెండు వేళ్ళతో ఆ మూలను నొక్కేశాను. గంజి కారలేదు, లోపలికే పోయింది. నాన్న ముంత దించలేదు. అలాగే నావైపు చూశాడు. తర్వాత ముంత పక్కన పెట్టి పెదవులు బిగించి ఉఫ్ అని ఊదాడు. గాలి నడిమినుంచి తిన్నగా వచ్చి నా నుదుటి వెంట్రుకలు ఎగిరాయి.

మర్నాటి నుంచి మళ్ళీ గట్టు మీదికి. ఈసారి నేను వెనక కాదు, పక్కన. ఆయన గొంతుక్కూర్చుంటే నా ఎత్తుకు సరిపోయేవాడు. నా వేళ్ళు ఎక్కడుండాలో చాలా వెతుక్కున్నాం. కొంచెం పైకైతే పందికూత, కొంచెం కిందికైతే ఉమ్ము. "ఇంకొంచెం నొక్కవ్వా" అనేవాడు. ఒకసారి నా గోరు గుచ్చుకుని నెత్తురొచ్చింది. మామిడిపిందె కొరికి ఆయన ముందు చప్పరించి చూశాను, పాత అల్లరికి నవ్వుతాడేమోనని. కుడి పక్క నవ్వింది. గురువారానికి పిలుపులో కింది స్వరాలన్నీ వచ్చాయి, పైస్వరం ఒక్కటే రాలేదు. శుక్రవారం చర్చిలో అంతా సిలువ దగ్గర ఏడుస్తుంటే, నేను మనసులో ఒకటే మాట అడుగుతూ కూర్చున్నాను: ప్రభువా, నీ పెదవులకు పుల్లటి చిరక పెట్టారు, నీకు తెలుసు గదా నోరు ఎండితే ఎలా ఉంటుందో. మా నాన్నకు పైస్వరం ఇయ్యి. శనివారం పొద్దున పైస్వరం వచ్చింది. ఏటి మీద కొంగలు లేచిపోయాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు మేము.

ఈస్టరు తెల్లవారుజాము. సమాధుల తోటకు కొత్త సున్నం వాసన, పక్కనున్న జీడితోపు పూత వాసన. కొవ్వొత్తుల వెలుగులో అందరి ముఖాలూ కింద నుంచి వెలిగి, మనుషులు మనుషుల్లా లేరు. ఎర్ర కోట్లవాళ్ళు వరసగా నిలబడ్డారు. రెండో బూర ఆయన మీటల బూర చంకలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, నాన్న వల్ల కాకపోతే అందుకోవడానికి. నాన్న ముందుకొచ్చి మోకాలి మీద కూర్చున్నాడు. నిలబడి ఊదే మనిషి కూర్చున్నాడేమిటని జనం చూస్తుండగా, నేను వెళ్ళి ఆయన ఎడమ పక్కన నిలబడి, రెండు వేళ్ళు పెదవి మూల పెట్టాను. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

మొదటి ఊపిరికి గాలే వచ్చింది. మావ డ్రమ్ము కర్ర పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. రెండో బూర ఆయన మీటల మీద వేళ్ళు పెట్టాడు. నేను ఇంకొంచెం నొక్కాను.

వచ్చింది.

ఎలా చెప్పను దాన్ని! ఫోనులో ఆ మైదానంలో ఆయన ఊదినది నున్నగా, మెరుస్తూ ఉంది. మా నాన్నది అలా లేదు. పగిలిన కుండలోంచి నీళ్ళు వచ్చినట్టు వచ్చింది, కానీ వచ్చింది. ఒక్కో స్వరం మెట్టు మీద మెట్టు ఎక్కుతోంది. కుడికన్ను మూసుకున్నాడు. ఎడమకన్ను మూతపడక తెరిచే ఉంది, దాన్లో కొవ్వొత్తులన్నీ కనిపించాయి నాకు. పిలుపు సగానికి వచ్చింది. ఇంక పైస్వరమే.

అప్పుడు, ఆ మంచుకో, ఆ కొవ్వొత్తుల పొగకో, నా రొమ్ములో పిల్లి లేచింది. వేళ్ళు తియ్యలేదు నేను. ఊపిరి అందకపోయినా తియ్యలేదు. చెట్లూ సమాధులూ నల్లబడుతున్నాయి. వేళ్ళు మాత్రం అక్కడే ఉన్నాయి. నా ఈల నాన్న చెవి పక్కనే.

బూర ఆగిపోయింది.

సగంలో ఆగిపోయింది. బ్యూగిల్ ఇసకలో పడిన చప్పుడు విన్నాను. నాన్న నన్ను ఒళ్ళోకి లాక్కుని, నా చెయ్యి కడుపు మీద పెట్టుకున్నాడు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. పిలుపు పూర్తికాలేదు, ఎవరూ మాట్లాడకూడదు. ఆ నిశ్శబ్దంలో ఆయనే మాట్లాడాడు.

"ఊఫిరి తియ్యవ్వా. ఇక్కడినించి. ఊఫిరి తియ్యి."

ఆ ఏటి ఈస్టరుకు మా ఊళ్ళో మొదట పలికిన మాట అది. ఎవరూ నవ్వలేదు. ఆయన కడుపు లేస్తోంది, పడుతోంది. నేను ఊపిరి తీశాను. తీశానని అందరికీ వినిపించింది కాబోలు, మావ ఇంక ఆగలేక డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేశాడు. నానమ్మ పాట ఎత్తుకుంది. రెండో బూర ఆయన ఊదలేదు. సగంలో ఆగిన పిలుపును పూర్తిచేద్దామని చూసి, ఎందుకో, బూర దించేశాడు.

పాటలయ్యాక ఈస్టరు సోల ఇచ్చే వేళయింది. ఇంటింటా వంటకు ముందు తీసిపెట్టిన గుప్పిడి బియ్యం చర్చికి ఇస్తారు కదా, ఆ బియ్యంలోంచి సంఘంలో పెద్ద ముసలమ్మ పొయ్యాలి. ఆ ముసలమ్మ మా నానమ్మే. తన ఇత్తడి సోల నింపుకుని కొడుకు ముందు నిలబడింది. నాన్న టోపీ తియ్యలేదు.

"నాను సగవే ఊదినాను" అన్నాడు, నేల చూస్తూ.

"నాకు తెల్దేటి? సెవిటిదాన్నేటి నాను?" అంది నానమ్మ. ఇత్తడి సోలలోంచి సగం బియ్యం మళ్ళీ సంచిలో ఒంపేసింది. "సగం ఊదినావు, అర సోల పోస్తన్నాను. దేవుడి కాడ తప్పు కొలత నేదు. తియ్యరా టోపీ!"

మావ పకాలున నవ్వాడు. నవ్వుతూనే భుజం మీది గుడ్డతో ముఖం కప్పేసుకున్నాడు. నాన్న టోపీ తీశాడు.

ఆ అర సోల అన్నమే మా నలుగురికీ ఆ పండగ. మెతుకులు గంజిలో వెతుక్కుని తిన్నాం. అంత రుచైన అన్నం మళ్ళీ తినలేదు అని రాద్దామనుకున్నాను. కానీ నిజం చెప్పాలి. ఆకలి తీరలేదు. అమ్మ తినలేదు. నాన్న తాళాలు తెచ్చుకుని వాటిని చూస్తూ కూర్చున్నాడు.

ముఖం కొంత తేరుకుంది. కన్ను మూతపడింది. 'అమ్మా' అన్న మాట తిరిగొచ్చింది. కానీ ఆ మూల పెదవి మాత్రం బిగవలేదు. నాన్న ఇంకెప్పుడూ బూర పట్టలేదు. పెళ్ళిళ్ళలో ఎర్ర కోటు వేసుకుని వెనక వరసలో తాళాలు కొట్టేవాడు. డ్రమ్ములాగి, రెండో బూర ఆయన ఒక్కడే ఊదేచోట నాన్న కళ్ళు మూసుకునేవాడు. ఎవరూ ఆయన వైపు చూసేవారు కాదు. మేం ఏడవకుండా ఉండడానికి ఆయనే ఒక మాట పుట్టించాడు. ఏ మంచి జరిగినా, మడులు బాగా పండినా, నాకు పెళ్ళి కుదిరినా, నా కూతురు ఏడుస్తూ పుట్టినా, "ఇది ఆ మిగిలిన అర సోల్లోదమ్మా. దేవుడు కొంచెం కొంచెం ఒంపుతన్నాడు" అనేవాడు. నానమ్మ పోయేముందు ఆ ఇత్తడి సోల నాకిచ్చింది.

చాలా ఏళ్ళకు నాన్న పోయాడు. నిద్రలో పోయాడు, దేవుడికి స్తోత్రం. పెట్టెలో పడుకోబెట్టాక చూస్తే ఎడమ మూల పెదవి కొద్దిగా తెరుచుకుని ఉంది. ఎవరో గుడ్డ కడదామన్నారు. వద్దన్నాను. సమాధుల తోట దాకా పెట్టె పక్కనే నడిచాను, రెండు వేళ్ళూ అక్కడ పెట్టి.

గొయ్యి దగ్గర మావ కర్ర ఊతంతో నిలబడ్డాడు. డ్రమ్ము ఎత్తలేని వయసు. బూర ఊదాల్సినాయన మొదట్నించి పిలుపు ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొదలు మా బావ ఊదీసినాడురా. అక్కడినించి ఎత్తు."

ఆయన పైస్వరం నుంచి ఎత్తాడు. అన్నేళ్ళుగా గాలిలో ఆగి ఉన్న పాట కిందికి దిగి ముగిసింది. నేను కొంగులో కట్టి తెచ్చిన అర సోల బియ్యం ఒక చేత్తోనే ఆ ఊదినాయన టోపీలో పోశాను. అప్పుడు తీశాను వేళ్ళు.

ఇదంతా కొంచెం కొంచెంగా మనవరాలికి చెప్పాను. అది విని, కళ్ళు తుడుచుకుని, "కానీ అమ్మమ్మా, సోలో అంటే ఒక్కళ్ళే వాయించడం. సోల కాదు" అంది.

"ఒక్కళ్ళే ఊదినవాళ్ళని నేను చూళ్ళేదు తల్లీ" అన్నాను.

సోలను చింతపండు పెట్టి తోమి అలమరలో పెట్టాను, పిల్ల పరేడు రోజుకు. మనవరాలు వాకిట్లో నిలబడి బ్యూగిల్ నోటికి పెట్టుకుంది. పెట్టుకుని, మళ్ళీ దించి, నావైపు చూసింది. నా వేళ్ళు నా పెదవి మూలనే ఉన్నాయి.

"ఊదమ్మా," అన్నాను, "నేను పట్టుకున్నాను."